సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా: సెవెన్ సిస్టర్స్ సుద్ద కొండల మీద ఎలా నడవాలి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, ఈస్ట్ సస్సెక్స్‌లో, సీఫర్డ్ అనే చిన్న ఊరికీ ఈస్ట్‌బోర్న్ పట్టణానికీ మధ్య తెల్లని సుద్ద కొండలు సముద్రం ఒడ్డున గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. వాటిలో వరుసగా ఉన్న ఏడు శిఖరాలను సెవెన్ సిస్టర్స్ అంటారు. ఒక రైల్వే స్టేషన్‌లో దిగి, కొండల మీదుగా రోజంతా నడిచి, మరో రైల్వే స్టేషన్‌లో రైలెక్కి ఇంటికి చేరుకోవచ్చు కనుక, కారు లేని విద్యార్థులకు కూడా ఇది అందుబాటులో ఉన్న దారి. లండన్‌లోనూ బ్రైటన్‌లోనూ ఉంటున్న తెలుగువాళ్లు ఎండ కాసిన మొదటి శనివారం ఇక్కడికి బయలుదేరడం నేను ఏటా చూస్తున్నాను. వారిలో చాలామంది ఈ దారిని పార్కులో షికారులా భావించి, పల్చటి బూట్లతో, అర లీటరు నీళ్లతో, మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టడం కూడా చూస్తున్నాను. వారి కోసమే ఇది రాస్తున్నాను.

మొత్తం దూరం 21 నుంచి 22 కిలోమీటర్లు. నడక అలవాటున్నవారికి, భోజనానికీ ఫోటోలకూ ఆగే సమయంతో కలిపి, ఆరేడు గంటలు పడుతుంది. ఏ కొండా మరీ ఎత్తుండదు. కానీ ఎక్కి దిగడం, మళ్లీ ఎక్కి దిగడం అన్నది రోజంతా సాగుతుంది కాబట్టి మోకాళ్లకు ఇది పెద్ద పనే. అంత దూరం వద్దనుకునేవారికి దగ్గరి మార్గాలు కూడా ఉన్నాయి. వాటి గురించి తరువాత చెబుతాను.

రోజును ఎంచుకోవడం

ముందుగా చూడవలసింది సూర్యాస్తమయ సమయం. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటే వరకు వెలుగు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఈ దారి మొత్తం నడవాలనుకుంటే తొమ్మిది గంటలకల్లా సీఫర్డ్‌లో ఉండాలి. నేను మొదటిసారి ఒక నవంబరు రోజున ముగ్గురు మిత్రులతో కలిసి పదకొండున్నరకు నడక మొదలుపెట్టాను. ఏడు శిఖరాల చివర వచ్చే బర్లింగ్ గ్యాప్ దాటేసరికే వెలుగు తగ్గిపోయింది. చివరి కొండ మీద ఫోన్ దీపం పట్టుకుని, కంచె లేని అంచు ఎక్కడుందో తెలియక, గడ్డిలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచిన ఆ అరగంట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత ఎప్పుడూ తలకు కట్టుకునే చిన్న దీపం లేకుండా ఆ దారికి వెళ్లలేదు, ఆలస్యంగానూ మొదలుపెట్టలేదు.

తరువాత చూడవలసింది గాలి. వర్ష సూచన చూసినంత శ్రద్ధగా గాలి వేగాన్ని మనవాళ్లు చూడరు. కొండ నెత్తిన ఆపడానికి ఒక చెట్టు కూడా ఉండదు, కాబట్టి ఊళ్లో మామూలుగా అనిపించిన గాలి అక్కడ మనిషిని పక్కకు నెడుతుంది. బలమైన గాలి సూచన ఉంటే ప్రయాణం మరో వారానికి వాయిదా వేసుకోవడమే సరైన పని. మామూలు రోజుల్లో ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ వైపు, అంటే పడమటి నుంచి తూర్పుకు నడవమని చెప్పడానికి ఇది ఒక కారణం, ఎందుకంటే గాలి వీపు మీద పడుతుంది. రెండో కారణం ఏమిటంటే, ఏడు శిఖరాలూ ఒక్క చూపులో కనిపించే చోటు దారిలో ముందుగానే వస్తుంది.

వెంట తీసుకువెళ్లవలసినవి

అరికాలు గట్టిగా పట్టే బూట్లు తప్పనిసరి. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. వాన పడిన మర్నాడు నున్నటి అడుగున్న బూట్లతో ఈ వాలు దారులు దిగడం ప్రమాదకరం. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి, ఎందుకంటే ఏడు శిఖరాల మీద ఎక్కడా కుళాయి గానీ దుకాణం గానీ ఉండదు. నీడ కూడా అసలే ఉండదు. ఇంగ్లండ్ ఎండను మనం లెక్కచేయము, కానీ వేసవిలో చల్లటి గాలి వల్ల వేడి తెలియకుండానే చర్మం కమిలిపోతుంది. టోపీ, సన్‌స్క్రీన్ పెట్టుకోండి. గాలిని ఆపే పల్చటి జాకెట్ ఏ నెలలోనైనా సంచిలో ఉండాలి. బ్రిటన్ పటాలు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్25 పటం ఈ ప్రాంతాన్నంతా చూపిస్తుంది. ఫోన్‌లో పటం వాడేవారు దాన్ని ముందే దించుకుని, ఛార్జి కోసం పవర్ బ్యాంక్ తెచ్చుకోవాలి.

తిండి విషయంలో నా అనుభవం పులిహోరదే. ఉదయం కలిపింది మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, చెంచా ఉంటే ఎక్కడైనా తినవచ్చు, గాలికి చేతిలోంచి ఎగిరిపోదు. దద్దోజనం వేసవిలో హాయిగా ఉంటుంది కానీ డబ్బా మూత గట్టిదై ఉండాలి. అరటిపండ్లు, పల్లీ చిక్కీలు ఎక్కుళ్ల మధ్యలో ఆదుకుంటాయి. చెత్తంతా మళ్లీ సంచిలోనే వెనక్కి రావాలి. అరటి తొక్కలు కూడా అక్కడ వదలకండి.

సీఫర్డ్ చేరుకోవడం

లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి లూయిస్ దాకా వచ్చి, అక్కడ సీఫర్డ్ వెళ్లే చిన్న రైలు పట్టుకోవాలి. మొత్తం గంటన్నర ప్రయాణం. బ్రైటన్ నుంచి నేరుగా రైలు ఉంటుంది, లేదా ఈస్ట్‌బోర్న్ వెళ్లే 12వ నంబరు బస్సు ఎక్కవచ్చు. తిరుగు ప్రయాణం ఈస్ట్‌బోర్న్ నుంచి కాబట్టి, మీరు కొనే టికెట్టు ఆ స్టేషన్ నుంచి చెల్లుతుందా అని కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. ముగ్గురు నుంచి తొమ్మిది మంది వరకు కలిసి రద్దీ లేని వేళల్లో ప్రయాణిస్తే, గ్రూప్‌సేవ్ కింద ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. ఆదివారాల్లో రైలు పట్టాల మరమ్మతులు జరిగి, రైలుకు బదులు బస్సులు నడపడం మామూలే కనుక, వీలైతే శనివారమే మంచిది.

మొదటి భాగం: సీఫర్డ్ హెడ్

స్టేషన్ నుంచి పది నిమిషాల్లో సముద్రం ఒడ్డుకు చేరుకుంటారు. సముద్రానికి ఎదురుగా నిలబడి ఎడమ వైపుకు తిరిగి నడవండి. కాసేపట్లో ఒక గుండ్రటి కోట బురుజు కనిపిస్తుంది. నెపోలియన్ దండెత్తి వస్తాడనే భయంతో ఇంగ్లండ్ దక్షిణ తీరం పొడవునా కట్టిన 74 మార్టెల్లో బురుజులలో ఇది చివరిది, 74వది. ఇప్పుడు అందులో ఊరి మ్యూజియం ఉంది. ఆ దారి చివరన ఉన్న స్ప్లాష్ పాయింట్ దగ్గర, వసంతం నుంచి వేసవి దాకా కిట్టివేక్ అనే సముద్ర పక్షులు కొండ గోడలోని సన్నటి అరుగుల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. వాటి అరుపులో వాటి పేరే వినిపిస్తుంది.

అక్కడి నుంచి సీఫర్డ్ హెడ్ అనే గడ్డి కొండ ఎక్కాలి. ఇది రోజులో మొదటి ఎక్కుడు, కాస్త ఊపిరి ఆడనివ్వకుండా చేస్తుంది, కాబట్టి తొందరపడకండి. పైన గోల్ఫ్ మైదానం పక్కనుంచి దారి సాగి, మెల్లగా హోప్ గ్యాప్ అనే పల్లానికి దిగుతుంది. అక్కడ సముద్రం దగ్గరికి మెట్లుంటాయి, కానీ మీరు పై దారిలోనే ముందుకు సాగండి. మరికొంత దూరం నడిస్తే కొండ అంచున పాత కోస్ట్‌గార్డ్ (తీర రక్షక దళం) కాటేజీలు, వాటి వెనక కుక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటు, దాని అవతల ఏడు తెల్లని శిఖరాలు ఒకదాని వెనక ఒకటిగా కనిపిస్తాయి. క్యాలెండర్లలో మీరు చూసిన బొమ్మ ఇక్కడి నుంచి తీసిందే. రోజు మొత్తంలో ఫోటోకు ఇంతకు మించిన చోటు లేదు, కాబట్టి ఇక్కడ కూర్చుని అరగంట ఖర్చు పెట్టండి.

కూర్చున్నప్పుడు ఆ తెల్లటి గోడలను ఒకసారి శ్రద్ధగా చూడండి, ఎందుకంటే మిగతా రోజంతా మీరు ఎలా నడవాలో అవే చెబుతాయి. సుమారు ఎనిమిది, తొమ్మిది కోట్ల సంవత్సరాల కిందట వెచ్చటి సముద్రంలో బతికిన అతిసూక్ష్మమైన నాచు జీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని ఈ సుద్ద అయింది. మధ్యమధ్యలో కనిపించే నల్లటి చారలు చెకుముకి రాళ్లు. సుద్ద మెత్తటి రాయి కనుక అలలు కొండ అడుగును తొలుస్తాయి. అడుగు ఖాళీ అయ్యాక పై భాగం ఒక్కసారిగా విరిగి పడుతుంది. ఈ తీరం సగటున ఏడాదికి 30 నుంచి 40 సెంటీమీటర్లు వెనక్కి పోతోందని లెక్క, కానీ అది ప్రతి ఏటా ఒకే మేరకు జరగదు. ఒకచోట ఏళ్ల తరబడి ఏమీ కదలదు, తరువాత ఒక మధ్యాహ్నం కొన్ని మీటర్లు కూలిపోతాయి. పాత ముఖం రాలి కొత్త ముఖం బయటపడుతూ ఉండటం వల్లే, నాచు పట్టకుండా ఈ కొండలు ఇంత తెల్లగా ఉన్నాయి. అంటే మనం చూడటానికి వచ్చిన తెలుపూ, మనం భయపడవలసిన ప్రమాదమూ ఒకే కారణం నుంచి పుట్టినవి.

పై నుంచి చూసేవారికి గడ్డి అంచు దాకా ఒకే తీరుగా, గట్టి నేలలా కనిపిస్తుంది. దాని కింద రాయి ఉందో, ఖాళీ ఉందో అక్కడ నిలబడినవారికి తెలిసే వీలు లేదు. వర్షపు నీరు సుద్దలోకి ఇంకి, చలికి గడ్డకట్టి, పగుళ్లను పెద్దవి చేస్తుంది కనుక చలికాలంలోనూ ముసురు తరువాతా కూలడాలు ఎక్కువ; అయితే పొడి వేసవిలో కూడా కూలతాయి. అందుచేత అంచుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండాలి, నేల మీద పగులు కనిపిస్తే ఇంకా లోపలికి జరగాలి. నేనైతే పది మీటర్లు పాటిస్తాను. దారిలో చాలా మేర కంచె ఉండదు. అరిగిపోయిన కాలిబాట అంచుకు దగ్గరగా పోతే, పాత బాటను వదిలి లోపలి బాటలో నడవండి. మరో మాట: ఏ శిఖరం మీద నిలబడితే ఆ శిఖరపు తెల్లటి ముఖం మీకు కనిపించనే కనిపించదు. అంచు దాకా వెళ్లి వంగినా కనిపించేది సముద్రమే. గుంపుగా వెళ్లేటప్పుడు ఈ మాట కాటేజీల దగ్గరే అందరికీ చెప్పండి. ఫోటో కోసం ఎవరూ వెనక్కి వెనక్కి అడుగులు వేయకూడదని, పిల్లల చేయి పెద్దవాళ్లు వదలకూడదని ముందే అనుకోండి.

నదిని దాటడం

కాటేజీల నుంచి కిందికి దిగితే నది ముఖద్వారం ఎదురుగానే, అవతలి ఒడ్డు రాయి విసిరితే తగిలేంత దగ్గరగా కనిపిస్తుంది. బూట్లు చేతబట్టుకుని దాటేద్దామని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. దాటకండి. ఆటుపోట్లతో పాటు నీటి వేగం మారిపోతుంది, అడుగున గులకరాళ్లు కదులుతాయి. నది ఒడ్డు వెంట లోపలికి రెండు కిలోమీటర్లు నడిచి, ఎక్సీట్ వంతెన మీదుగా దాటడమే దారి. చలికాలంలో ఈ ఒడ్డు బురదగా ఉంటుంది. వంతెన దగ్గర పబ్బు, అవతల పార్కు సందర్శకుల కేంద్రం, మరుగుదొడ్లు ఉన్నాయి. నీళ్లు ఇక్కడే నింపుకోండి. పాములా మెలికలు తిరిగిన పాత నదీ మార్గం ఇక్కడ బాగా కనిపిస్తుంది. 1840లలో వరదల నివారణకు నేరుగా కాలువ తవ్వి నీటిని మళ్లించడంతో ఆ మెలికల్లో నీరు ఇప్పుడు కదలకుండా నిలిచి ఉంది.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు ఈ చోటు నుంచే మొదలుపెట్టడం మంచిది. 12వ నంబరు బస్సు ఇక్కడ ఆగుతుంది. ఎక్సీట్ నుంచి సముద్రం వైపు చదునైన గట్టి దారి ఉంది, పిల్లల బండి కూడా తోసుకుపోవచ్చు. దాని చివర గులకరాళ్ల ఒడ్డు మీద కూర్చుంటే మొదటి శిఖరం నెత్తిన నిలబడినట్టే ఉంటుంది. మన ఊళ్ల నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు వారిని తీసుకువెళ్లవలసింది ఈ దారికే.

ఏడు శిఖరాలు

ఇక్కడి నుంచి సౌత్ డౌన్స్ వే అనే దీర్ఘ నడకదారి మీతో కలుస్తుంది. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు సాగే దారిలో ఇది ఆఖరి భాగం. స్తంభాల మీద ఓక్ చెట్టు కాయ గుర్తు కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టే. మొదటి శిఖరం హేవెన్ బ్రౌ, 77 మీటర్లు, ఏడింటిలోకీ ఎత్తయినది. అది ఎక్కడమే కష్టం కనుక అక్కడ ఆగి భోజనం చేస్తే తరువాతి ఆరూ సులువవుతాయి.

ఎక్కి దిగే ఈ అలల్లాంటి రూపానికి కారణం పాత లోయలు. మంచు యుగంలో నేల గడ్డకట్టి ఉన్నప్పుడు, ఇంకడానికి వీలులేక పైనుంచే పారిన మంచు నీరు సుద్దను కోసి లోయలు చేసింది. తరువాత సముద్రం వచ్చి ఆ కొండలనూ లోయలనూ అడ్డంగా నరికేసింది. మీరు దిగే ప్రతి పల్లమూ ఎప్పుడో ఎండిపోయిన ఒక వాగు. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వేయండి. దిగేటప్పుడు మోకాలు కాస్త వంచి, గడ్డి మీద పాదమంతా ఆనించి దిగండి. తెల్లగా అరిగిన బాట కన్నా పక్కనున్న గడ్డి తక్కువ జారుతుంది. గొర్రెలు మేస్తుంటాయి కాబట్టి, గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి. వేసవిలో ఈ పొట్టి గడ్డిలో నీలం రంగు సీతాకోకచిలుకలు ఎగురుతాయి, పైన ఎక్కడో కంటికి కనిపించనంత ఎత్తులో స్కైలార్క్ పాడుతూ ఉంటుంది. పొడవు గడ్డిలో నడిచినవారు సాయంత్రం కాళ్లకు పిడుదు పురుగులు పట్టాయేమో చూసుకోవాలి.

ఏడు లెక్కపెట్టాక మరొకటి మిగిలినట్టు చాలామందికి అనిపిస్తుంది. మధ్యలోని చిన్న మిట్టను కలిపితే లెక్క తప్పుతుంది. చివరిదైన వెంట్ హిల్ దిగితే బర్లింగ్ గ్యాప్ వస్తుంది.

బర్లింగ్ గ్యాప్

చారిత్రక, ప్రకృతి స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ వారి కెఫే, మరుగుదొడ్లు, ఒడ్డుకు దిగే మెట్లు ఇక్కడున్నాయి. కూలిన చోట్లను బట్టి మెట్లు ఒక్కోసారి మూసేస్తారు. 1878లో కట్టిన కోస్ట్‌గార్డ్ ఇళ్ల వరుస ఒకప్పుడు సముద్రానికి ఎంతో దూరంలో ఉండేది. అంచు దగ్గరకొచ్చిన కొద్దీ ఒక్కొక్క ఇంటినీ కూల్చేస్తూ వచ్చారు. మిగిలిన ఇళ్ల పక్క గోడ చూస్తే, దాని అవతల మరో ఇల్లు ఉండేదని తెలిసిపోతుంది. భూమి వెనక్కి పోవడమంటే ఏమిటో దాని ముందు రెండు నిమిషాలు నిలబడినవారికి బోధపడుతుంది.

ఒడ్డుకు దిగితే కొండ అడుగుకు దగ్గరగా కూర్చోకండి. రాళ్లు పైనుంచి హెచ్చరిక లేకుండా పడతాయి. ఇక్కడి నుంచి కుక్‌మియర్ వైపు ఒడ్డు వెంట నడిచిపోదామన్న ఆలోచన మరీ ప్రమాదకరమైనది. ఆ నాలుగు కిలోమీటర్లలో పైకి ఎక్కడానికి ఒక్క దారి కూడా లేదు, పోటు సమయంలో నీరు గోడ దాకా వస్తుంది. ఎవరైనా చిక్కుకుంటే, లేదా అంచు దగ్గర ఆపదలో కనిపిస్తే, మీరు కిందికి దిగకుండా 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగండి.

ఇక్కడికి అలసిపోయినవారు ఆగిపోవచ్చు. ఈస్ట్ డీన్ గ్రామం కిలోమీటరున్నర దూరం. అక్కడ 12వ నంబరు బస్సు దొరుకుతుంది. వెలుగు రెండు గంటల కంటే తక్కువ మిగిలి ఉంటే నా సలహా కూడా అదే.

చివరి భాగం: రెండు దీపస్తంభాలు

బర్లింగ్ గ్యాప్ దాటి ఎక్కితే బెల్ టూట్ దీపస్తంభం వస్తుంది. 1834 నుంచి వెలిగిన ఈ దీపాన్ని ఎత్తైన కొండ మీద పెట్టడం వల్ల పొగమంచులో ఓడలకు కనిపించేది కాదు. 1902లో ముందు వచ్చే బీచీ హెడ్ కొండ కింద, సముద్రంలోనే, 43 మీటర్ల ఎత్తుతో కొత్తది కట్టి దీన్ని ఆర్పేశారు. అంచు దగ్గరపడటంతో 1999లో ఈ భవనాన్ని మొత్తంగా పైకి లేపి, 17 మీటర్లు లోపలికి జరిపారు. కొత్త స్తంభానికి ఎరుపు, తెలుపు పట్టీలు ఉంటాయి. దాన్ని పై నుంచి పూర్తిగా చూడాలని అంచుకు పోనక్కరలేదు. బెల్ టూట్ దాటాక దిగే వాలు మీద నుంచే, సురక్షితమైన దూరంలో, తలా మొదలూ కనిపిస్తాయి.

బీచీ హెడ్ ఎత్తు 162 మీటర్లు. బ్రిటన్‌లోని సుద్ద సముద్ర కొండల్లో ఇదే ఎత్తయినది. ఎక్కుడు నిదానంగా ఉంటుంది కానీ రోజు చివర వస్తుంది కనుక బరువనిపిస్తుంది. మనసు చెదిరి ఇక్కడికి వచ్చేవారితో మాట్లాడి వెనక్కి తీసుకువెళ్లడానికి శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు ఈ కొండ మీద తిరుగుతుంటారు. మీరు ఒంటరిగా అంచు వైపు కూర్చుంటే వారెవరో వచ్చి పలకరించవచ్చు. ఆదరంగా జవాబు చెప్పండి. మీకు గానీ మీ మిత్రులకు గానీ అలాంటి కష్టం ఉంటే, కష్టంలో ఉన్నవారి మాట వినే సమారిటన్స్ సంస్థ వారి 116 123 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అక్కడి నుంచి ఈస్ట్‌బోర్న్ అంతా కిందే పరుచుకుని కనిపిస్తుంది. గడ్డి వాలు మీద నుంచి నిటారుగా దిగే ఆఖరి వంద మీటర్లలో, అలసిన కాళ్లతో చాలామంది జారతారు, కాబట్టి పట్టణం కనిపించిందని వేగం పెంచకండి. వాలు కింద సౌత్ డౌన్స్ వే ముగుస్తుంది. సముద్రం ఒడ్డు వెంట స్టేషన్ దాకా చదునుగా నలభై నిమిషాల నడక. ఓపిక లేకపోతే ఊరి బస్సు ఎక్కండి. లండన్ విక్టోరియాకు నేరుగా రైళ్లున్నాయి. బూట్లకు అంటిన సుద్ద బురదను ఆ రాత్రే కడిగితే తెల్లటి మరకలు పరుచుకుంటాయి; ఎండనిచ్చి, మర్నాడు గట్టి బ్రష్షుతో రుద్దితే పొడిగా రాలిపోతుంది.